వదిన తీసి పెట్టిన తలుపు

మా వదిన పోయిందన్న కబురు నాకు కోట సంతలో అందింది. ఉల్లిపాయల బస్తాల పక్కన కుర్చీ వేయించుకుని, దాని మీదికెక్కి సువార్త వాక్యం చెబుతున్నాను. గూడూరు బస్సు కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యెత్తాడు. ఏదో అడ్డుప్రశ్న వేస్తాడనుకుని, "నీ సందేహం చివర్లో అడుగు తండ్రీ" అని కసిరాను.

"సందేహం కాదమ్మా. మీ వదినమ్మ పొద్దున పోయినారంట. అల్లూరు బస్సువాళ్ళు చెప్పి పంపినారు" అన్నాడు.

చేతిలో గ్రంథం తెరిచే ఉంది. ఏ మాట మీద ఆగిపోయానో ఈనాటికీ గుర్తు రావడం లేదు. మాట కోసం నేనెన్నడూ తడుముకున్న మనిషిని కాను. ఎండలో, గాలివానలో, తాగుబోతుల మధ్య నిలబడి నిప్పులు చెరిగినదాన్ని. ఆ రోజు మాత్రం కుర్చీ దిగడానికి కూడా ఎవరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

కోట నుంచి గూడూరు, గూడూరు నుంచి నెల్లూరు, అక్కడ బస్సు మారి పెన్న దాటి అల్లూరు. ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఆడవాళ్ళు అప్పటికే ఆమెకు నీళ్ళు పోసి తెల్లచీర కట్టారు. కొప్పులో దోపుకున్న పెన్సిలు తీసి కిటికీలో పెట్టారు. ఆ పెన్సిలు లేకుండా ఆమె తలను నేను చూడడం అదే మొదలు. అంతవరకూ రాని ఏడుపు దాన్ని చూశాక వచ్చింది.

మద్రాసు నుంచి వచ్చే పిల్లల మాసపత్రిక చదివిన ఇళ్ళల్లో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. వాళ్ళకు ఆమె కథల టీచరమ్మ. నాకు మా అన్న భార్య. నేను చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, బిడ్డా పాపా లేక, బడిమెట్లు ఎక్కకుండానే గ్రంథం ముందు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. ఆమె నెల్లూరు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. నలభై దాటిన నన్ను కూడా ఆమె "పాపా" అనే పిలిచేది. కాపురానికి వచ్చిననాడు నేను లంగా కట్టుకుని తిరిగేదాన్నట. ఆ పిలుపే నిలబడిపోయింది.

వాళ్ళకొక్కడే కొడుకు. మూలాపేటలో అద్దె ఇంట్లో పెరిగాడు. శనగల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, తర్వాత శనగలు తినే రకం. అంత చదివేవాడు నాలుగో ఫారం తప్పాడు. మా అన్న, పురపాలక ఆఫీసులో గుమాస్తా, కోపిష్టి కూడా కాదు, ఆ రోజు మాత్రం "పాసయినాకనే ఈ గడప తొక్కు" అన్నాడు. తండ్రులందరూ ఏదో ఒకనాడు అనే మాటే. పిల్లవాడు దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. మద్రాసు రైలు వచ్చే వేళకు స్టేషన్లో చూశామని ఇద్దరు చెప్పారు. అంతే. మా అన్న మద్రాసులో వెతికాడు, బెజవాడలో వెతికాడు. ఆడిన మాట వెనక్కి తీసుకుందామంటే ఎదురుగా మనిషి లేడు. రెండేళ్ళు తిరగకుండానే మా అన్నా పోయినాడు.

ఆ తర్వాతే వదిన కథలు మొదలుపెట్టింది. ఎందుకని నేనడిగాను. దాచకుండా చెప్పింది.

"చిరునామా లేనోడికి ఉత్తరం ఎట్టా రాసేది పాపా? కథయితే ఎక్కడో ఒక అంగట్లో వేలాడతా ఉంటది. వాడి చెయ్యి ఊరుకోదు. తీసి చూస్తాడు."

"కథంటే అబద్ధం గదా వదినా" అన్నాను. అప్పట్లో నాకు అంతే తెలుసు.

"అందుకే అబద్ధం లేకుండా రాయాల. వాడు పసిగడతాడు" అంది.

ఆమె కథల్లో రాజకుమారుడు లేడు, మాయల గుర్రం లేదు, చివర్లో నీతి లేదు. టౌనులో పుట్టి పెరిగే పిల్లలే ఉంటారు. ఒక ఇంట్లో నాలుగు కాపురాలు, ఒకే కుళాయి. గంటకు అద్దెకు తెచ్చిన సైకిలు. ట్యూషనని చెప్పి పెన్న ఇసకలో ఆడొచ్చే మగపిల్లలు. అక్క పుస్తకాల మీద అక్క పేరు కొట్టేసి తన పేరు రాసుకుని, ఆ గీత చూసి సిగ్గుపడే ఆడపిల్ల. పరీక్ష తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ అన్నం క్యారియరు పట్టుకుని బయల్దేరే పిల్లవాడు. పదేళ్ళవాళ్ళూ చదివేవాళ్ళు, మీసాలు మొలుస్తున్నవాళ్ళూ చదివేవాళ్ళు.

శనివారం మధ్యాహ్నం మూలాపేట అరుగు మీద వీధి పిల్లల్ని కూర్చోబెట్టి, రాసింది రాసినట్టు చదివేది. ఆమె కళ్ళు కాగితం మీద తక్కువ, మొహాల మీద ఎక్కువ. ఎవరైనా ఆవలిస్తే కొప్పులో నుంచి పెన్సిలు తీసి అక్కడ అడ్డగీత పెట్టేది. "పిల్లోడు ఆవలించినాడంటే అక్కడ కథ చచ్చిపోయినట్టే పాపా. పీనుగను మోసుకొని ముందుకు పోగూడదు" అనేది. నా ప్రసంగాల్లో ముసలివాళ్ళు కునికిపాట్లు పడుతుంటే ఈ మాట గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండేది.

వాళ్ళు ఆమెను వదిలిపెట్టేవాళ్ళు కాదు.

"టీచరమ్మా, అద్దె సైకిలు బెల్లు మోగదు. మీ కథలో మోగింది" అనేవాడొకడు.

"కొట్టేస్తా."

"కుళాయి కాడ పెద్దోళ్ళు అట్టా మాట్లాడుకోరు టీచరమ్మా" అని ఒక పిల్ల.

"మరెట్టా మాట్లాడుకుంటారే?"

"చెప్తే మీరు రాయలేరు."

అరుగంతా నవ్వు. వదిన కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ వారం నవ్వడం అదొక్కసారే అయి ఉండేది.

ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట ఆ మూలాపేట ఇల్లు వచ్చేది. ఆకుపచ్చ తలుపు, గిలక అరిగి కీచుమనే బావి, కిటికీ కింద మల్లెపాదు. గాలివానకు పెరట్లో మునగచెట్టు కూలితే, ఆ తర్వాతి కథలో మునగచెట్టు కూలింది. వాడు చదివితే ఇల్లు ఇంకా ఇల్లులాగే ఉందని తెలియాలి. అది ఆమె పని విధానం. పాఠకులు దాన్ని వర్ణన అనుకున్నారు.

తర్వాత మూలాపేట ఇల్లు సొంతదారు అమ్మేశాడు. వదిన అన్నం మానేసినంత పని చేసింది. "వాడొచ్చి తలుపు కొడితే ఎవరో కొత్తోళ్ళు తీస్తారే పాపా" అని అదే మాట. వీధిలో ఇంటింటికీ, మలుపులో కిళ్ళీకొట్టుకూ చెప్పి పెట్టి, నాతో అల్లూరు వచ్చింది. మా నాయన కట్టిన పెంకుటిల్లది. వచ్చిన వారంలోనే తలుపుకు మూలాపేట తలుపు రంగే వేయించింది. ఆ నెల కథలో ఒక నెల్లూరు పిల్ల తల్లితో పాటు అల్లూరికి మారిపోయింది. దారి మొత్తం రాసింది.

ఆ కథ పట్టుకుని పత్రికవాళ్ళ మనిషొకాయన మద్రాసు నుంచి దిగాడు. మర్యాదస్థుడు. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"టీచరమ్మగారూ, కథ బంగారమండీ. ఈ పేరా ఒక్కటే పంటికింద రాయి. పెన్న దాటాల, కోవూరు మీదుగా అల్లూరు బస్సెక్కాల, చెరువుకట్ట కాడ దిగాల, చర్చి వెనక సందులో చివరి ఇల్లు... మనవాళ్ళు పట్నం పిల్లలు కదండీ. కథలాగా లేదు, కండక్టరు కేకలాగా ఉంది."

"మజ్జిగ తాగండి" అంది వదిన.

"తాగుతానండి. పేరా సంగతి?"

"పేరా ఉంటుంది."

"పోనీ రెండు లైన్లు తగ్గిద్దాం."

"ఏ రెండు? చెరువుకట్ట తీసేస్తే పిల్లోడు దిగకుండా సముద్రం దాకా పోతాడు."

నేను లోపలుండలేకపోయాను. గడప మీదికొచ్చి అందుకున్నాను. "అయ్యా, గ్రంథంలో ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని పేజీలకు పేజీలున్నాయి. ఎవరన్నా కత్తిరించినారా? ఏ పేరు ఎవరికి దారి చూపిస్తుందో నీకేం ఎరుక?"

"అమ్మా, దానికి సంపాదకుడు లేడు గదా" అన్నాడాయన మెల్లిగా.

వదిన నవ్వింది. ఆ నవ్వు మీదనే కొడుకు సంగతి చెప్పింది, ఎసట్లో బియ్యం పోసిన సంగతి చెప్పినంత మామూలుగా. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పోయేటప్పుడు చెరువుకట్ట దాకా నడిచి, నిలబడి, మా సందు వైపు ఒకసారి చూసి బస్సెక్కాడు. ఆ పేరా అక్షరం పోకుండా అచ్చయింది. ఆ తర్వాత ఏ కథలోనూ ఎవరూ దారిని ముట్టుకోలేదు.

ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు ఉపమానం చెప్పడంలో నాకు పేరుంది. పందులు తినే పొట్టు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు చెరువు అవతలికి వినబడుతుందంటారు. వదిన మా ఊరికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం అదే చెప్పాను. వెనక చాప మీద కూర్చుని విన్నది. ఇంటికి నడుస్తూ అంది:

"బాగా చెప్పినావు. పందుల సంగతి శానా బాగా చెప్పినావు. అమ్మ సంగతే చెప్పలేదు."

"అమ్మ ఆ కథలో లేదు వదినా."

"ఉంటది. వంటింట్లో ఉంటది. కొడుకు తిరిగొచ్చినాడని కొవ్విన దూడను కోయించింది నాయన, వండింది ఎవురంట?"

ఊరూరా తిరిగి నాస్తికుల నోళ్ళు మూయించినదాన్ని, చెరువుకట్ట మీద నోరు మూసుకుని నడిచాను. కాసేపయ్యాక ఆమే మళ్ళీ అంది. "నీ ప్రసంగంలో చివరికి అందరూ లోపలికి వచ్చేస్తారు పాపా. నేను తలుపు తీసి పెడతా, అంతే. రావడం వాళ్ళ ఇష్టం."

మా అల్లూరు చర్చి సంఘంలో జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. వదిన ఆ రోజుల్లో పెద్ద కథ ఒకటి నెలనెలా రాస్తోంది. అందులో పిల్లవాడికి రత్నం అని పేరు. పరీక్ష తప్పి, తండ్రి కసిరితే మద్రాసు రైలెక్కి, అక్కడ హోటల్లో గ్లాసులు కడుగుతుంటాడు. నేను ఒక ప్రార్థన కూడికలో ఆవేశం మీద వాడి కథ అందుకున్నాను. "రత్నమని ఒక బిడ్డ" అని మొదలుపెట్టి, కళ్ళకు కట్టినట్టు చెప్పి, అది కథ అని చెప్పడం మరిచిపోయాను. ఆమెన్ అన్నాక, ఉప్పుమళ్ళలో పని చేసే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏ ఊరి బిడ్డమ్మా?"

"నెల్లూరు అవ్వా."

"తల్లి ఉండాదా?"

"ఉండాది."

ఏమని చెప్పను? అటువంటి బిడ్డ లేడని చెప్పాలి. నోరు రాలేదు. ఉన్నాడు గనక. అవ్వ ఆ ఆదివారం నుంచి రత్నాన్ని ప్రార్థనలో పెట్టింది. సంఘమంతా పెట్టింది. జబ్బుపడినవాళ్ళూ వానలూ అయ్యాక, "మద్రాసులో రత్నం, ప్రభువా" అని. వదిన రెండు మూడు వారాలు నెల్లూరులోనే ఉండి, పిల్లలకు కథ చదివి వచ్చేసరికి ఇది ముదిరిపోయింది. నవ్వుతుందనుకుని చెప్పాను. నవ్వలేదు.

"ఏ పేరు మీద చేస్తా ఉండారు?"

"రత్నమని."

"వాడి పేరు అది కాదు గదా పాపా."

"ఎవరి గురించో ఆయనకు తెలవదా వదినా?"

ఆమె చాలాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. తర్వాతి ఆదివారం పోయి ఆ అవ్వ పక్కన, ఒకే చాప మీద కూర్చుంది.

కానీ రత్నాన్ని ఇంటికి తేలేదు. ఊరు ఊరంతా అడిగారు, నేనడిగాను, పత్రికకు పిల్లలు ఉత్తరాలు రాశారు. "తెస్తే ఏమవుతుంది వదినా? నీ చేతిలో పనే గదా" అని పోట్లాడాను. "మావాడు చదివి ఏమనుకుంటాడు? అమ్మ నిజం చెప్పడం మానేసింది అనుకుంటాడు. అప్పుడు ఆకుపచ్చ తలుపు కూడా అబద్ధమే అయిపోతుంది" అంది. చివరి అధ్యాయంలో రత్నం రోడ్డు మీద పుస్తకాల అంగడి ముందు నిలబడి, వేలాడుతున్న ఒక పత్రికను చూస్తూ ఉంటాడు. తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటాడు. అక్కడితో అయిపోయింది.

ఆఖరి రెండు వానాకాలాలుగా ఆమెకు ఉబ్బసం ముదిరింది. మంచంలో దిండ్లకు ఆనుకునే రాసేది. ఉప్పుగాలికి తలుపు రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. "నీలం వేయిద్దామా వదినా, కొంచెం కొత్తగా ఉంటుంది" అన్నాను, ఆమె మనసు మళ్ళించడానికి. ఊపిరి అందక ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది: "రంగు మార్చొద్దు పాపా. కథ అచ్చుకు పోయింది." నేను కోటకు బయల్దేరే ముందు మా మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇంచుమించు అవే.

ఆమెను మట్టి చేసే రోజు నెల్లూరు నుంచి పిల్లలు బస్సు నిండా వచ్చారు. నిక్కర్లవాళ్ళు, కొత్తగా పంచె కట్టినవాళ్ళు, జడలకు రిబ్బన్ల ఆడపిల్లలు. ఎవరినీ దారి అడగకుండా చెరువుకట్ట కాడ దిగి, చర్చి వెనక సందులోకి నేరుగా వచ్చారు. వాళ్ళకు ఆ దారి కంఠతా వచ్చు. నేను ఒక్కొక్క మొహమే చూశాను. మావాడి ఈడు, పాతికేళ్ళు ఉండే మగవాడు కనబడితే రెండుసార్లు చూశాను. కళ్ళు ఎవరివని, చెవులు ఎవరివని. మట్టి వేసేదాకా చూస్తూనే ఉన్నాను.

జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్ద ఒకాయన లేచి, "ఇంత చదువుకున్నామె పిల్లకథలతో సరిపెట్టింది. నాలుగు కీర్తనలు రాసుంటే నిలిచేవి" అన్నాడు. నేను లేచాను. "అయ్యా, మన ప్రభువు కీర్తన రాసినట్టు నేనెక్కడా చదవలేదు. విత్తనం, పోయిన నాణెం, ఇల్లు విడిచిన కొడుకు, అన్నీ కథలే చెప్పినాడు. వాటిల్లో ఏది నిలవలేదో చెప్పండి" అన్నాను. ఆయన కూర్చున్నాడు. గెలిచాను గాని, ఇంటికి పోయి ఎవరికి చెప్పుకోను? "బాగా అడిగినావు, కాకపోతే..." అని వంక పెట్టే మనిషి లేదు. అవ్వ ప్రార్థన చేస్తూ, "మద్రాసులో రత్నానికి ఈ కబురు నువ్వే చెప్పు నాయనా" అంది.

ఆమె పోయిన నెల రోజులకు ఆమె చివరి కథ అచ్చయి వచ్చింది. పోస్టుమాను ఆమె పేరు చదివి నాకిచ్చాడు. ఒంటరిగా ఉండడం నాకు కొత్త కాదని అనుకునేదాన్ని. వాక్యం చెప్పేటప్పుడు వందమంది, చెప్పాక ఒక్కదాన్నే, ఎప్పుడూ అంతే. ఇప్పుడు తెలిసింది, నేను ఒంటరిదాన్ని కాదు అన్నాళ్ళూ. లోపల ఒక పెన్సిలు గీసే చప్పుడు ఉండేది. ఇప్పుడు నన్ను పాపా అనేవాళ్ళు భూమి మీద లేరు.

క్రిస్మస్ ముందు మా వాళ్ళు ఇళ్ళకు సున్నాలు కొట్టి, తలుపులకు రంగులు వేసుకోవడం ఆనవాయితీ. నేను తడ వైపు సువార్తకు పోయి ఉంటే, సంఘంలో యువకులు నా మీద ప్రేమ కొద్దీ ఇల్లు బాగు చేయడానికి పూనుకున్నారు. నేను సందు మలుపు తిరిగేసరికి గోడలు తెల్లగా ఉన్నాయి. తలుపు ఒక రెక్క అప్పటికే నీలం.

"అత్తా, ఎట్టా ఉండాది? ఆకాశం రంగు" అన్నాడొకడు, కుంచె పైకెత్తి.

నా సంచి కింద పడింది. నేనేమన్నానో రాయను. ప్రవక్తలు పట్టణాలను శపించిన మాటలు ఆ పిల్లల మీద అన్నాను. వాళ్ళు బిత్తరపోయి నిలబడ్డారు. ఆఖరికి పెద్దవాడు మెల్లిగా, "తప్పేందో చెప్పు అత్తా, తుడిచేస్తాం" అన్నాడు. అప్పుడు అరుగు మీద కూలబడి చెప్పాను. కథ ఏ నెలలో వచ్చిందో, ఆ కథలో తలుపు ఏ రంగో. ఇక కొత్త కథ రాదు. ఇల్లు మారిందని వాడికి చెప్పే దిక్కు లేదు. అందుకని ఇల్లు మారకూడదు.

ఒకడు కిరసనాయిలు తెచ్చి గుడ్డతో నీలం తుడవడం మొదలుపెట్టాడు. ఇంకొకడు పాత రంగు పెచ్చు ఒకటి గోటితో లేపి, జేబులో వేసుకుని, బస్సెక్కి నెల్లూరు పోయాడు, అంగట్లో పక్కన పెట్టి సరిచూసి తేవడానికి. మధ్యాహ్నం తిరిగాక డబ్బా తెచ్చాడు. అదే ఆకుపచ్చ. రెండు రెక్కలకూ వేశారు.

పోతూ పోతూ ఆ పెద్దవాడు, "తడి ఆరేదాకా తలుపు మూయొద్దత్తా, అంటుకుంటది" అన్నాడు.

రెండు రెక్కలూ బార్లా తీసి, కదలకుండా ఇటుకరాళ్ళు అడ్డం పెట్టాను. చెరువుకట్ట మీద నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. ఎవరెవరో దిగారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. సముద్రం వైపు నుంచి గాలి వచ్చి, పచ్చిరంగు వాసన సందులోకి మోసుకుపోతోంది. నేను అరుగు మీద, తలుపు పక్కన కూర్చున్నాను.